పదిహేను కిలోల పటం

చేర్యాల పటం గోడకు తగిలించుకోవడానికి పుట్టింది కాదు. సుమారు మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల దాకా పొడవు ఉండే, కథ బొమ్మలు గీసిన ఖాదీ బట్ట అది. కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పినా, గౌడజెట్టివాళ్ళు గౌడులకు వాళ్ళ కులపురాణం వినిపించినా, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు పాండవుల కథ పాడినా, పటం వేలాడేది ఒక అడ్డకర్రకే. ఒక ఘట్టం కాగానే ఆ మేరకు చుట్టి, తర్వాతి ఘట్టం విప్పేవారు. కథ ముగిస్తే పటాన్ని చుట్టేసి భుజాన వేసుకొని ఇంకో ఊరికి బయల్దేరేవారు. బట్ట మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతలు ఎన్ని పడినా, ఆ బరువు ఒక మనిషి మోసుకుపోగలిగినంతే. వేలాడదీసినప్పుడు అది కర్ర పొడవునా సమానంగా పరుచుకునేది. కర్ర దాన్ని తన రెండు కొసల దగ్గరి ఆధారాలకు అప్పగించేది, అవి నేలకు అప్పగించేవి. గోడకు పని లేదు, మొలకు పని లేదు.

ఇప్పుడు ఆ బొమ్మల్లో చాలా భాగం అద్దం వెనకకు చేరింది. కథ చెప్పే కులాలు తగ్గిపోయి, కొనేవాళ్ళు పట్నం ఇళ్ళవాళ్ళూ ఆఫీసులవాళ్ళూ అయ్యాక, వాటిని గీసే నకాశీ చిత్రకారులు పొడుగాటి పటానికి బదులు ఒక్కో ఘట్టాన్ని విడి బొమ్మగా గీస్తున్నారు. కొన్నవాళ్ళు దాన్ని ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టుకుంటున్నారు. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు ఈ పటాల పుట్టిల్లు చేర్యాల పాత వరంగల్ జిల్లా నుంచి ఇటు వచ్చింది. అంతకు ముందే సిద్దిపేటకు తనదైన చిత్రకారుడు ఉన్నాడు. ఈ ఊళ్ళోనే 1925లో పుట్టి 2012లో కన్నుమూసిన కాపు రాజయ్య, నకాశీ రేఖనూ రంగునూ తన కుంచెలోకి తెచ్చుకొని బోనాలనూ బతుకమ్మనూ వడ్డెర స్త్రీలనూ గీశాడు. అలాంటి నేల మీద బొమ్మ కొనుక్కున్న మనిషి దాన్ని పదికాలాలు నిలిచేలా తగిలించుకోవాలి. పెద్ద బొమ్మ ఊడిపడితే పగిలేది అద్దం ఒక్కటే కాదు. కింద సోఫాలో పిల్లలు కూర్చుని ఉంటారు.

పటం పెద్దదైతే చాలామంది అడిగే మాట, ఈ మొల ఎన్ని కిలోలు ఆపుతుంది అని. ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒకే మొల ఒక గోడలో యాభై కిలోలు ఆపుతుంది, ఇంకో గోడలో ఐదు కిలోలకే ఊడొస్తుంది. నన్నడిగితే ముందు రెండు సంగతులు తేలాలి. పటం బరువు ఎటు లాగుతోంది? గోడలోని ఏ పొర ఆ లాగుడును మోస్తోంది? పటాలు పడిపోయిన చోట నూటికి తొంభై సార్లు తప్పు ఈ రెండింట్లో ఒకదాని దగ్గరే ఉంటుందని నా నమ్మకం.

బరువు ఎక్కడిది?

ఒక పెద్ద చేర్యాల బొమ్మను లెక్కకు తీసుకుందాం. ఫ్రేముతో కలిపి 90 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల ఎత్తు. అంటే వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. మామూలు అద్దం సాంద్రత ఘనపు మీటరుకు 2,500 కిలోలు. కాబట్టి 4 మిల్లీమీటర్ల మందం అద్దం చదరపు మీటరుకు సరిగ్గా 10 కిలోలు తూగుతుంది. వెనక వేసే 3 మిల్లీమీటర్ల అట్టపలక రెండున్నర కిలోలు. చుట్టూ ఐదు సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం టేకు పట్టీలైతే నాలుగు మీటర్ల చుట్టుకొలతకు ఇంకో రెండున్నర కిలోలు. అన్నీ కలిపి 15 కిలోలు. ఇందులో అసలు బొమ్మ వాటా చాలా స్వల్పం. మనం గోడకు తగిలిస్తున్నది ముఖ్యంగా అద్దాన్ని.

ఈ లెక్క తెలిస్తే ఒక దారి వెంటనే కనిపిస్తుంది. అద్దం స్థానంలో అంతే మందం అక్రిలిక్ వేయిస్తే పది కిలోలు ఐదు కిలోల లోపుకు దిగుతాయి, పటం మొత్తం 10 కిలోల దగ్గరికి వస్తుంది. అక్రిలిక్‌కు గీతలు పడతాయి, తుడిచేకొద్దీ దుమ్మును ఆకర్షిస్తుంది, ధర కూడా ఎక్కువే. అయినా మంచం తలవైపు, చిన్నపిల్లలు ఆడుకునే చోట పెద్ద పటం పెట్టాలనుకుంటే అక్రిలిక్కే సరైనది. పడినా పెంకులుగా పగిలి గుచ్చుకోదు.

తీగ చేసే మోసం

ఫ్రేముల దుకాణంలో పటం కట్టించుకుంటే వెనక రెండు పక్కలా రెండు రింగులు బిగించి, వాటి మధ్య ఒక తీగో తాడో కట్టి ఇస్తారు. ఇంటికొచ్చి ఆ తీగను ఒక్క మొలకు తగిలిస్తాం. తీగ మీద ఎంత బలం పడుతుంది? పదిహేను కిలోల పటం కదా, రెండు పక్కలా చెరి ఏడున్నర అనిపిస్తుంది. ఆ లెక్క తప్పు.

రింగుల మధ్య దూరం 70 సెంటీమీటర్లు అనుకోండి. మొలకు వేలాడినప్పుడు తీగ నడిమి భాగం రింగుల కంటే 20 సెంటీమీటర్లు పైకి లేస్తే, తీగ ఒక్కో వైపు క్షితిజ రేఖతో దాదాపు 30 డిగ్రీల కోణం చేస్తుంది. అప్పుడు తీగలో బిగువు 15 కిలోలు. అంటే ఒక్కో పక్క మొత్తం పటం బరువంత లాగుతోంది. మొల బయటికి కనబడకూడదని, తీగ వదులుగా ఉంటే పటం ముందుకు వాలుతుందని, దాన్ని బిగించి కట్టామనుకోండి. నడిమి భాగం 6 సెంటీమీటర్లే లేస్తే బిగువు 44 కిలోలకు చేరుతుంది. 3 సెంటీమీటర్లే లేస్తే 88 కిలోలు. పటం అదే, మొల అదే. మారింది కోణం ఒక్కటే. బట్టలు ఆరేసే దండెం బిగించి కట్టినకొద్దీ రెండు తడి చీరలకే మొల ఊడిరావడం ప్రతి ఇంట్లోనూ చూసిందే. పటం వెనక జరిగేదీ అదే.

కారణం సులువు. ఏటవాలుగా లాగే తీగలో పైకి లేపే భాగం కొంత, పక్కకు గుంజే భాగం కొంత ఉంటాయి. పటాన్ని మోసేది పైకి లేపే భాగమే. తీగ పడుకున్నకొద్దీ ఆ భాగం తగ్గిపోతుంది, దాన్ని పూడ్చుకోవడానికి మొత్తం బిగువు పెరగాలి. బలాలను ఇలా గీతలుగా గీసి త్రిభుజంగా కూర్చవచ్చని నెదర్లాండ్స్‌కు చెందిన సైమన్ స్టెవిన్ 1586లో అచ్చయిన తన గ్రంథంలో చూపించాడు. న్యూటన్ పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందు మాట ఇది. ఇప్పటికీ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలు చేసే లెక్క అదే.

తీగ తెగకపోయినా నష్టం తప్పదు. 6 సెంటీమీటర్లు లేచిన తీగ ఫ్రేము రెండు పక్క పట్టీలనూ ఒక్కోదాన్ని 43 కిలోలకు పైగా బలంతో లోపలికి గుంజుతూ ఉంటుంది, రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి. కొన్నాళ్ళకు ఫ్రేము మూలలు నోళ్ళు తెరవడానికి చాలాసార్లు కారణం ఇదే. చెక్క పాడైందని దుకాణంవాళ్ళను అంటాం కానీ వెనక తీగను చూడం. ప్లాస్టిక్ తాడైతే ఇంకో గొడవ. బలం ఆగకుండా పడుతుంటే అది నెమ్మదిగా సాగుతూ పోతుంది.

దీనికి మందు తీగను తీసేయడమే. రెండు రింగులను నేరుగా రెండు కొక్కేలకు తగిలిస్తే బలాలు నిట్టనిలువుగా ఉంటాయి. ఒక్కో కొక్కెం మీద ఏడున్నర కిలోలు, పక్క గుంజుడు సున్నా. పటం ఒరగదు, తలుపు దడాలున వేసినా వంకరపోదు. ఒకవేళ ఒక కొక్కెం వదులైనా రెండోది పటాన్ని కాసేపు పట్టుకుని హెచ్చరిస్తుంది. పది కిలోలు దాటిన ఏ పటానికైనా నేను రెండు కొక్కేల పక్షమే.

మొల విరగదు, గోడ ఓడిపోతుంది

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. 5 మిల్లీమీటర్ల స్టీలు స్క్రూను అడ్డంగా కోసేయాలంటే రెండు వందల కిలోల పైన బలం కావాలి. మన పటం పదిహేను కిలోలు. కాబట్టి స్క్రూ తెగిపోతుందన్న భయం అక్కర్లేదు. పటం పడిందంటే దాదాపు ఎప్పుడూ స్క్రూ చుట్టూ ఉన్న పదార్థం నలిగిపోయి ఉంటుంది.

ఎందుకు నలుగుతుంది? మొల ఒక మీటకోల. బయటి కొస మీద పటం బరువు కిందికి నొక్కుతుంది. లోపలి కొస గోడలో పైకి తన్నుతుంది. మధ్యలో ఆనుకునే చోటు రంధ్రం కింది పెదవి. మొల ఎంత బయటికి పొడుచుకొస్తే, ఎంత తక్కువ లోపలికి దిగితే, ఆ పెదవి మీద ఒత్తిడి అంతగా పెరుగుతుంది.

అంకెల్లో చూద్దాం. 4 మిల్లీమీటర్ల మొల రెండు సెంటీమీటర్లు గిలాబులోకి దిగింది, రెండు సెంటీమీటర్లు బయట ఉంది, దాని కొస మీద 15 కిలోలు ఉన్నాయి. రంధ్రం అంచున ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 190 కిలోలు వస్తుంది. ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళ ఇసుకతో చేసిన గిలాబు తట్టుకోగలిగేది చదరపు సెంటీమీటరుకు సుమారు 30 కిలోలు. చుట్టూ ఉన్న గిలాబు ఆసరా వల్ల ఇంకొంత ఎక్కువే ఓర్చుకుంటుంది, అయినా 190 దాని శక్తికి మించిన మాట. ఇక రెండో సంగతి చూడండి. గోడ రంధ్రంలో దూర్చిన 6 మిల్లీమీటర్ల గిట్టిలో స్క్రూ ఐదు సెంటీమీటర్లు దిగింది, బరువు గోడకు అర సెంటీమీటరు దూరంలోనే ఆనింది. అవే 15 కిలోలకు అంచు ఒత్తిడి 23 కిలోలు మాత్రమే. ఎనిమిదో వంతు. నాసిరకం ఎర్ర ఇటుక కూడా దాన్ని తేలిగ్గా మోస్తుంది. పైగా మనం రెండు కొక్కేలు వాడుతున్నాం కాబట్టి ఒక్కోదానికి అందులో సగమే.

మన పాత ఇళ్ళలో చిలక్కొయ్యలు ఉండేవి. గోడ కడుతున్నప్పుడే దిగేసిన లావాటి కొయ్య, బయటి భాగం చిలుక ముక్కులా కొద్దిగా పైకి లేచి ఉండేది. మట్టిగోడ ఎంత మెత్తనిదైనా, కొయ్య లావుగా ఉండటం వల్ల ఒత్తిడి పరుచుకునేది. లోతుగా దిగి ఉండటం వల్ల మీటకోల ఆట సాగేది కాదు. పైకి లేచిన ఆ వంపు వల్ల తగిలించిన వస్తువు జారి గోడ దగ్గరికే చేరేది. లావు, లోతు, గోడకు దగ్గరగా బరువు, మూడూ అందులో ఉన్నాయి. సమీకరణాలు రాసుకోని వడ్రంగి ఆ రూపానికి ఎలా చేరుకున్నాడన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మొల కొట్టక తప్పని చిన్న పటాలకు కూడా ఈ సూత్రం పనికొస్తుంది. మొలను తల పైకి ఉండేలా ఏటవాలుగా దించాలి. దుకాణాల్లో దొరికే చిన్న పటం కొక్కేలు చేసే పని అదే. మొల ఏటవాలుగా పోతుంది, కొక్కెం పలక గోడకు ఆనుకొని బరువును గోడ పక్కనే ఉంచుతుంది.

గోడ రకం పొడి రంగులో తెలుస్తుంది

సిద్దిపేటలో ఒకే వీధిలో నాలుగు రకాల గోడలు ఉంటాయి. మట్టితో, రాయితో కట్టి సున్నం పూసిన పాత ఇల్లు. ఎర్ర ఇటుక ఇల్లు. బూడిద ఇటుకలతోనో సిమెంటు దిమ్మెలతోనో కట్టిన ఇల్లు. కొత్త అపార్టుమెంటులో గాలి బుడగల కాంక్రీటుతో చేసిన తేలికపాటి ఏఏసీ దిమ్మెలు, మధ్యమధ్యలో కాంక్రీటు పిల్లర్లు. రంగు వేశాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ గోడో తేల్చుకోకుండా రంధ్రం వేయడం గుడ్డి పని.

తేల్చుకోవడం కష్టం కాదు. డ్రిల్లు కింద తెల్ల కాగితం ఒకటి అంటించి, రాలే పొడిని చూడండి. మొదటి ఒకటి రెండు సెంటీమీటర్లు బూడిద రంగు ఇసుక పొడి వస్తుంది. అది గిలాబు. ఆ తర్వాత పొడి ఎర్రగా మారితే ఇటుక తగిలింది. తెల్లగా, మెత్తగా, బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగితే ఏఏసీ దిమ్మె. పొడి బూడిద రంగులోనే ఉండి, డ్రిల్లు కీచుమంటూ ముందుకు సాగనంటే కాంక్రీటు. గోధుమ రంగు మన్ను ముద్దలుగా రాలితే మట్టిగోడ. ఉన్నట్టుండి బిట్టు ఖాళీలోకి దూసుకుపోతే లోపల బోలుగా ఉన్న సిమెంటు దిమ్మె. ఈ పొడి రంగు మారిన క్షణాన బిట్టు మీద గుర్తు పెట్టుకుంటే గిలాబు మందం కూడా తెలిసిపోతుంది. ఇది తెలియడం చాలా ముఖ్యం. గిలాబు రెండు సెంటీమీటర్లు ఉన్న చోట మూడు సెంటీమీటర్ల గిట్టి వాడితే, ఇటుకలో నిలిచేది ఒక్క సెంటీమీటరే. గిలాబు గోడకు అంటించిన పొర, గోడ కాదు. సుతారి మేస్త్రీలు గోడమీద వేళ్ళతో తట్టి, ఎక్కడ గిలాబు ఇటుకను వదిలేసి డొల్లగా మోగుతుందో చెప్పేస్తారు. అక్కడ ఎంత పొడుగు గిట్టి వేసినా గిలాబు పెచ్చులూడుతుంది. ఒక జానెడు పక్కకు జరగడమే మేలు.

ఇంతకీ గిట్టి ఎలా పట్టుకుంటుంది? స్క్రూ లోపలికి దిగుతూ గిట్టిని విప్పారేలా చేస్తుంది. గిట్టి రంధ్రం గోడలను బయటికి నెడుతుంది, ఆ నెట్టుడు నుంచి ఘర్షణ పుడుతుంది. బయటికి లాగినప్పుడు ఎదురు నిలిచేది ఆ ఘర్షణే. ఘర్షణ ఎంతన్నది నొక్కుడు బలాన్ని బట్టి ఉంటుందని, తాకే వైశాల్యం మీద ఆధారపడదని పదిహేనో శతాబ్దం చివర్లో తన నోటుపుస్తకాల్లో రాసుకున్నవాడు లియొనార్డో డావిన్సీ. ఆ రాతలు బయటి లోకానికి తెలియకపోవడం వల్ల 1699లో ఫ్రాన్స్‌లో గిలోమ్ అమోంతోన్ వాటిని మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చింది.

గిట్టి చరిత్రకూ మ్యూజియంలకూ చుట్టరికం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోడలో స్క్రూ బిగించాలంటే ఉలితో పెద్ద గుంత తీసి, చెక్కముక్క దిగ్గొట్టి, చుట్టూ పూడ్చి, ఆ చెక్కలోకి స్క్రూ తిప్పేవారు. చెక్క ఎండి సంకోచిస్తే వదులయ్యేది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం గోడలకు విద్యుత్ సామగ్రి బిగించే పని, గోడలు పాడుకాకుండా, కంటికి కనబడకుండా చేయాల్సి వచ్చినప్పుడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు 1911 ప్రాంతంలో ఒక ఉపాయం కనిపెట్టాడు. జనపనారను జిగురుతో బిగించి చేసిన సన్నటి గొట్టం. చిన్న రంధ్రంలో దూర్చి స్క్రూ తిప్పితే ఉబ్బి పట్టుకుంటుంది. మన కరెంటు పనివాళ్ళు ఇప్పటికీ రావల్ ప్లగ్ అనేది ఆయన పేరు మీద వచ్చిన మాటే. 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ దాన్ని నైలాన్‌తో, పక్కల చీలికలతో చేశాడు. నైలాన్ కుళ్ళదు, రంధ్రం వంకరలకు తగ్గట్టు తనే సర్దుకుంటుంది, నొక్కుడు వదలదు. బజారులో రూపాయల తేడాతో దొరికే పెళుసు ప్లాస్టిక్ గిట్టిలకూ మంచి నైలాన్ గిట్టిలకూ మధ్య తేడా ఇక్కడే ఉంది. బరువైన పటానికి ఆ కొద్ది రూపాయలు మిగుల్చుకోవద్దు.

ఘర్షణే ఆధారమైనప్పుడు రంధ్రంలో మిగిలిన పొడి శత్రువు అవుతుంది. గిట్టికీ ఇటుకకూ మధ్య ఆ పొడి పొర జారుతుంది. రంధ్రాన్ని గిట్టి పొడవు కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ లోతు వేసి, చిన్న బ్రష్‌తో తోమి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. నోటితో ఊదితే కళ్ళలో పడుతుంది. సైకిలు పంపు చాలు. గిట్టి 6 అయితే బిట్టు కూడా 6. బిట్టును ఊగించకుండా నేరుగా పట్టుకోవాలి, రంధ్రం నోరు పెద్దదైతే మొదటి రెండు సెంటీమీటర్ల పట్టు పోయినట్టే. గిట్టి చేతితో సగం దూరి, సుత్తితో మెల్లగా తడితే మిగతా సగం దూరాలి. వేలితో నెడితే పూర్తిగా వెళ్ళిపోయిందంటే రంధ్రం పెద్దదైంది. స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా రంధ్రం వేయకూడదు, గోడలో వైరు పైపు చాలావరకు అదే దారిలో పోతుంది. బాత్‌రూము గోడకు అవతలి వైపు కూడా నీళ్ళ పైపులు చూసుకున్నాకే.

ఏఏసీ దిమ్మెల దగ్గర మామూలు గిట్టి పని చేయదు. ఆ దిమ్మె సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 600 కిలోలు, నీళ్ళ కంటే తేలిక. లోపలంతా గాలి బుడగలే. గిట్టి విప్పారగానే ఆ బుడగల గోడలు నలిగి, నొక్కుడు పుట్టకముందే చోటు ఇచ్చేస్తాయి. నొక్కుడు లేకపోతే ఘర్షణ లేదు. డ్రిల్లులోని సుత్తి దెబ్బను ఆపి, తిప్పుడుతోనే రంధ్రం వేసి, ఏఏసీ కోసమే చేసిన పొడుగాటి, పెద్ద మరలున్న గిట్టిలు వాడాలి. బోలు దిమ్మెకు లోపల గొడుగులా విచ్చుకునే రకం కావాలి. జిప్సం పార్టిషన్ అయితే పలక మందం 12.5 మిల్లీమీటర్లే. దాని వెనక ఇనుప చట్రం ఎక్కడుందో ఒక అయస్కాంతం గోడమీద జరిపి కనిపెట్టి, స్క్రూను ఆ చట్రంలోకే దించాలి.

మట్టిగోడకు నాకు నచ్చిన పద్ధతి చెక్క పట్టీలది. రెండు పట్టీల అంచులను 45 డిగ్రీల ఏటవాలుగా కోయించాలి. ఒకటి గోడకు, వాలు పైకీ గోడవైపుకీ ఉండేలా. రెండోది పటం వెనక, తలకిందులుగా. పటాన్ని ఎత్తి దించితే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. పటం బరువే వాటిని గోడకు మరింత దగ్గరగా లాగుతుంది. గోడ పట్టీని దూరదూరంగా నాలుగు పొడుగాటి స్క్రూలతో బిగిస్తే ఒక్కోదాని మీద నాలుగు కిలోల లోపే పడుతుంది. ఒక చోట మన్ను రాలినా మిగతా మూడూ పట్టుకుంటాయి. ఏ వడ్రంగికి చెప్పినా చేసిస్తాడు.

ఎంత బలం పెట్టుకోవాలన్నదానికి ఇంజనీర్ల అలవాటు మంచి దారి చూపుతుంది. పటం 15 కిలోలైతే, తగిలించే ఏర్పాటు అరవై కిలోలకు నిలిచేలా చూసుకోండి. నాలుగు రెట్లు. దుమ్ము దులిపేటప్పుడు చేయి ఆనుతుంది, పిల్లవాడు పట్టుకొని ఎక్కాలని చూస్తాడు, పక్క వీధిలో వినాయకుడి ఊరేగింపు సౌండ్ బాక్సులకు కిటికీ అద్దాలతోపాటు పటమూ వణుకుతుంది. ఆ మిగులంతా ఇలాంటి రోజుల కోసమే.

గుర్తు పెట్టుకోవడానికి కాగితం

రెండు కొక్కేలు ఒకే మట్టంలో పడాలంటే కొలతల కంటే కాగితం నమ్మదగినది. పటాన్ని బోర్లా పెట్టి, వెనక వైపంతా వార్తాపత్రిక పరిచి, రెండు రింగుల చోట పెన్సిలుతో పొడవండి. ఆ కాగితాన్ని పై అంచు పైనే ఉండేలా వెనక్కి తిప్పి గోడకు అంటించి, పై అంచు మీద రసమట్టం పెట్టి సరిచూసి, ఆ రెండు పొడుపుల చోటే రంధ్రాలు వేయండి. పటం నడిమధ్య నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ళ కంటికి సరిగ్గా అందుతుంది. మన ఇళ్ళలో పటాలను తలుపు పైన, కప్పుకు దగ్గరగా, ముందుకు వాల్చి తగిలించడం దేవుడి బొమ్మల నుంచి వచ్చిన అలవాటు. చేర్యాల బొమ్మలో సన్నటి గీతలు, నగలు, పశువుల కళ్ళు చూడాలంటే దగ్గరికి వెళ్ళాలి. అంత ఎత్తున పెడితే ఎర్ర నేపథ్యం తప్ప ఏదీ కనిపించదు.

గోడను ఎంచుకోవడంలోనూ బొమ్మ ప్రాణం ఉంది. వాన కొట్టే బయటి గోడ లోపలి వైపు తేమ ఊరుతుంది. పటం గోడకు అతుక్కుంటే ఆ తేమ వెనక చిక్కుకుంటుంది. చింతగింజల పూత, గంజి, బట్ట, ఇవన్నీ పురుగులకూ బూజుకూ ఆహారమే. ఫ్రేము కింది రెండు మూలలకూ చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. అద్దం కూడా బొమ్మను తాకకూడదు. మధ్యలో అట్ట అంచు వేయించి రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచాలి. తగిలితే చెమ్మ పట్టిన రోజుల్లో రంగు అద్దానికి అంటుకుంటుంది, తీసేటప్పుడు దానితోపాటే లేచి వస్తుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడ కూడా వద్దు.

దొంగలూ భూకంపాలూ

గట్టిగా తగిలించిన పటాన్ని కూడా తేలిగ్గా ఎత్తుకుపోవచ్చు. బరువును ఆపడమూ దొంగను ఆపడమూ వేరు వేరు సంగతులు. 1911 ఆగస్టు 21న పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా నాలుగు ఇనుప కొక్కేలకు వేలాడుతోంది. పెరుజా అనే పనివాడు దాన్ని ఎత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. అంతకుముందు అతను అదే మ్యూజియంలో బొమ్మలకు అద్దాలు బిగించే పని చేసినవాడు. రెండేళ్ళ తర్వాత, 1913 డిసెంబరులో ఫ్లోరెన్స్‌లో బొమ్మ దొరికింది. పైకి ఎత్తితే ఊడిపోయే కొక్కెం బరువును ఆపుతుంది, చేతిని ఆపలేదు. ఇప్పుడు బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, హోటళ్ళలో పటం కింది అంచును కూడా ఒక చిన్న పలకతో గోడకు బిగిస్తారు, లేదా ప్రత్యేకమైన తాళంచెవి తిప్పితే తప్ప వదలని కొక్కేలు వాడతారు.

ఇంట్లో దొంగ భయం లేకపోయినా అలాంటి మూసే కొక్కేలు మంచివే. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది, తెలంగాణలో చాలా జిల్లాలు ఊగాయి. గోడ పైకీ కిందికీ అదిరినప్పుడు పటం ఒక్క క్షణం తేలికవుతుంది. నోరు తెరిచిన కొక్కెం నుంచి రింగు ఎగిరి పక్కకు పడటానికి ఆ క్షణం చాలు. కొక్కెం నోటికి చిన్న మూత ఉన్నది వాడినా, మామూలు కొక్కెం నోటిని పట్టకారుతో కాస్త దగ్గరికి నొక్కినా సరిపోతుంది.

ఏడాదికోసారి, వానాకాలం పోయాక, పటాన్ని దించి వెనక చూడాలి. రింగుల స్క్రూలు చెక్కలో వదులయ్యాయా, తీగ ఉంటే ఒక్కటైనా పోగు తెగి ముళ్ళులా లేచిందా, గోడమీద కొక్కెం కింద సన్నటి పొడి చార కట్టిందా చూడాలి. ఆ పొడి చార ఉంటే రంధ్రం పెదవి నలగడం మొదలైనట్టే. అలాంటి చోట పాత రంధ్రంలోనే అగ్గిపుల్లలు దూర్చి స్క్రూ బిగించడం, పెద్ద గిట్టి దిగ్గొట్టడం చేయొద్దు. దాన్ని పూడ్చేసి, కనీసం పది సెంటీమీటర్లు పక్కకు జరిగి, గిలాబు దాటి ఇటుకలోకి పోయేలా కొత్తది వేయాలి.